దువ్వూరు దారిలో జ్యోతమ్మ

ఆలూరులో బయల్దేరి, కర్నూలులో బస్సు మారి కడపకు పోతున్న ముగ్గురిని పోయిన వారం నడిరోడ్డు మీద వదిలిపెట్టాం. దువ్వూరు దాటగానే బస్సు ఇంజన్‌లో పొగ లేచి ఆగిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా ఓపిక పట్టమని కండక్టరు అందరినీ దించేశాడు. ఆ ముగ్గురిలో ఒకడు ఓబుళేశు. ఆలూరు పక్కన హులికేరిలో పార్టీ జెండా ఎగరేయాలన్నా, నాయకుల ఫ్లెక్సీ కట్టాలన్నా ముందుండేది అతనే. రెండోవాడు అష్రఫ్, అదే ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు, ఓబుళేశుతో కలిసి పెరిగినవాడు. మూడో మనిషి అష్రఫ్ కూతురు గౌసియా.

హులికేరికి వచ్చే ఒకే ఒక్క బస్సును ఎప్పుడో ఆపేశారు. ఆలూరు కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం మంచి మార్కులతో పాసైన గౌసియా, రెండో సంవత్సరానికి పోయే దారి లేక ఇంట్లో కూర్చుంది. ఆమెను కడపలో మేనత్త మదార్ బీ ఇంట్లో దింపి, కుట్టుపని నేర్పించమని, మంచి సంబంధం ఏదైనా వస్తే చూడమని చెప్పి రావడానికి అష్రఫ్ బయల్దేరాడు. ఓబుళేశుది వేరే పని. మర్నాడు కడపలో పార్టీ సమావేశం ఉంది. జనమంతా జ్యోతమ్మ అని పిలుచుకునే మంత్రి శివజ్యోతి వస్తోంది. ఆమెను పట్టుకొని ఊరికి బస్సు వేయిస్తానని అతను మాటిచ్చి ఏళ్లు గడిచాయి. ఈసారైనా ఉత్త చేతులతో తిరిగొస్తే, రాబోయే ఎన్నికల్లో సర్పంచిగా నిలబడాలన్న ఆశ వదులుకోవాల్సిందే.

దారి పొడవునా అతను అష్రఫ్‌కు ఒకటే పాఠం చెబుతూ వచ్చాడు. పెద్ద నాయకుల దగ్గర మొహమాటపడితే పని కాదట. తోసుకుంటూ పోవాలట, కంట్లో పడాలట, మెడలో ఏదో ఒకటి వెయ్యాలట, పక్కన నిలబడి ఫోటో దిగాలట. అష్రఫ్ ఊకొడుతూ విన్నాడే తప్ప అవునని గానీ కాదని గానీ అనలేదు.

బస్సు ఆగిన చోటికి కూతవేటు దూరంలో రేకుల హోటల్ ఒకటి ఉంది. ప్రయాణికులంతా అక్కడికి చేరారు. పెనం మీద ఎర్రకారం దోసెల వాసన రోడ్డు దాకా కొడుతోంది. అష్రఫ్, గౌసియా ఒక బెంచీ మీద సర్దుకున్నారు. ఓబుళేశు మాత్రం కూర్చోలేకపోయాడు. సమావేశానికి పాసులు ఇస్తానన్న కడప నాయకుడికి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. అవతల ఎత్తడం లేదు.

అప్పుడే తెల్లకారు ఒకటి వచ్చి వేపచెట్టు కింద ఆగింది. ముందు జెండా లేదు, వెనక ఇంకో బండి లేదు. సఫారీ వేసుకున్న గన్‌మన్ దిగి వెనక తలుపు తీశాడు. బక్కపలుచని ముసలావిడ ఒకామె కాళ్లు కింద పెట్టడానికి తంటాలు పడుతుంటే, ఇంకో వైపు నుంచి నేతచీర కట్టుకున్న ఆడమనిషి చుట్టి వచ్చి ఆమె చంకలో చెయ్యి వేసి లేపింది.

ఓబుళేశు చేతిలో ఫోను అట్లాగే ఉండిపోయింది. ఆ మొహాన్ని అతను ఎన్ని ఫ్లెక్సీల మీద వేయించాడో. ఆమె మొహం బండి చక్రమంత, కింద మూలన తన మొహం రూపాయి బిళ్లంత.

‘జ్యోతమ్మ,’ అన్నాడు గొంతు అణుచుకొని. ‘అష్రఫూ, జ్యోతమ్మరా.’

అష్రఫ్ తలెత్తి చూశాడు. బెంచీ మీద నుంచి లేవలేదు. ఓబుళేశు అప్పటికే బ్యాగు జిప్పు లాగి, రేపటి కోసం కర్నూలులో కొన్న శాలువాను కవరులో నుంచి బయటికి తీస్తున్నాడు. రేపు ఆ సభలో వేలమంది మధ్య ఆమె దగ్గరికి పోవాలంటే ఎంతమందిని బతిమాలాలో అతనికి తెలుసు. ఈరోజు, ఈ రేకుల కింద, ఆమె ఒక్కతే ఉంది. ఇంతకన్నా అదృష్టం ఇంకోసారి వస్తుందా అనిపించింది.

‘కొంచెం ఆగప్పా,’ అన్నాడు అష్రఫ్. ‘వాళ్లమ్మను పట్టుకొని వచ్చింది. ఆ ముసలామె రెండు ముద్దలు తిననీ.’

‘ఆగితే పోతాది. వీళ్లు ఒక్కచోట కుచ్చునే మనుషులా?’ అని ఓబుళేశు జేబు దువ్వెనతో తల సర్దుకొని నడిచాడు.

జ్యోతమ్మ తల్లికి ఎదురుగా కూర్చొని దోసెను చిన్న చిన్న ముక్కలుగా తుంచి పెడుతోంది. ముసలావిడ చెయ్యి వణుకుతుంటే ముక్క నోటిదాకా పోయేంతవరకు చూసి, ఆ తర్వాత ఇంకో ముక్క అందిస్తోంది. ఓబుళేశు ఆమె వెనక నుంచి వెళ్లాడు. ఎదురుగా పోతే గన్‌మన్ ఆపుతాడని అతని లెక్క. ‘అమ్మా, నమస్కారం. హులికేరి ఓబుళేశును,’ అంటూనే శాలువా విప్పి భుజాల మీద వేశాడు. దాని కొస ఒకటి చట్నీలో పడింది. ఇంకో కొస ముసలావిడ మొహానికి తగిలింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి విసిరేసరికి నీళ్ల గ్లాసు దొర్లి ఒడి అంతా తడిసిపోయింది.

గన్‌మన్ అరచెయ్యి ఓబుళేశు ఎదురురొమ్ము మీద పడింది. జ్యోతమ్మ వద్దన్నట్టు గన్‌మన్ వైపు చూసి, శాలువా తీసి పక్క కుర్చీ మీద పెట్టి, తన కొంగుతో తల్లి ఒడి తుడిచింది. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఓబుళేశుకు ఇంకాస్త తేలిగ్గా ఉండేదేమో.

‘ఏ ఊరన్నా?’ అని అడిగింది.

ఊరూ పేరూ ఇప్పుడే చెప్పాడు. ప్రతి పుట్టినరోజుకూ ఆమె ఇంటి ముందు కేకు పట్టుకొని నిలబడ్డాడు. ఊరేగింపుల్లో ఆమె జీపు పక్కన చెప్పులు తెగేలా పరిగెత్తాడు. మళ్లీ చెప్పాడు. ఆ తడబాటులో ఏం చెయ్యాలో తోచక జేబులోంచి ఫోను తీసి, ఒక్క ఫోటో అన్నాడు. అమ్మ ఉన్నప్పుడు ఫోటోలు వద్దులే అన్నా, కాసేపాగి మాట్లాడుకుందాం అని ఆమె తల్లి వైపు తిరిగిపోయింది. గన్‌మన్ మర్యాదగానే అతన్ని రెండు బల్లల అవతలికి నడిపించాడు. బస్సులోంచి దిగిన జనమంతా చూస్తున్నారు. దోసెలు వేసే మనిషి కూడా గరిటె ఆపి చూశాడు.

ఓబుళేశు తిరిగొచ్చేసరికి గౌసియా పక్కకు జరిగి చోటిచ్చింది. అతని మొహం చూడకుండా రోడ్డు వైపు తిరిగింది. ఆ పిల్ల అట్లా చూపు తిప్పుకోవడం అతనికి జనం చూపులకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. అష్రఫ్ టీ చెప్పాడు. ఓబుళేశు దాన్ని ముట్టలేదు.

ఆ తర్వాత జరిగింది ఓబుళేశు ఎంత కాలానికీ మరిచిపోలేకపోయాడు.

జ్యోతమ్మ తల్లికి తినిపించింది. తను తిన్నది. తల్లి చేతులు కడిగించి, కారు పక్కన నీడలో కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. డ్రైవరు టీ తాగుతుంటే ఆమె కొళాయి దగ్గర కొంగు కొస పిండుకుంటోంది. అప్పుడు లేచాడు అష్రఫ్. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. నేరుగా ఆమె దగ్గరికి పోలేదు. గన్‌మన్ దగ్గరికి పోయి ఏదో అడిగాడు. గన్‌మన్ ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అష్రఫ్ నాలుగడుగులు వేసి, ఇంకా దూరం ఉండగానే ఆగి, చేతులు కట్టుకొని నమస్కారం చెప్పాడు. ముందు ముసలావిడకు, తర్వాత ఆమెకు.

‘అమ్మా, మీరు ఇంటి పని మీద పోతాండారు. ఇప్పుడు ఏమీ అడగను,’ అన్నాడు. ‘మా ఊరి మాట ఒకటి ఉండాది. ఎప్పుడు యాడికి రమ్మంటే ఆడికి వచ్చి చెప్పుకుంటాము. అది చెప్తే చాలు.’

ఓబుళేశుకు వినబడింది అంతవరకే. నాపరాయి లారీలు వరసగా రోడ్డు మీద పోతూ మిగతా మాటలను మింగేశాయి. చూడటం మాత్రం తప్పలేదు. జ్యోతమ్మ రెండు కుర్చీలు వేయమని సైగ చేసింది. ఆమె కూర్చున్నాక గానీ అష్రఫ్ కూర్చోలేదు. కూర్చున్నది కూడా కుర్చీ అంచు మీదే. అతను చెబుతున్నాడు, ఆమె వింటోంది. మధ్యలో ఆమె ఒకసారి తలతిప్పి ఓబుళేశు కూర్చున్న బెంచీ వైపు చూసింది. చూసి నవ్వింది.

ఆ నవ్వుతో ఓబుళేశు ఒళ్లంతా కారం పూసినట్టయింది. తన గురించే చెప్పుకుంటున్నారు. శాలువా చట్నీలో పడ్డ సంగతి చెప్పి నవ్వుకుంటున్నారు. తను ఇన్నేళ్లూ ఊరూరా తిరిగి, ఇంట్లో తిట్లు తిని, పోలీసు లాఠీ దెబ్బ కూడా ఒకసారి తిని సంపాదించుకోలేకపోయిన ఆ కుర్చీలో, పార్టీ కండువా అంటే ఏ రంగో కూడా పట్టించుకోని మనిషి కూర్చొని ఉన్నాడు. ఏం చేసి సంపాదించాడు? ఏమీ చెయ్యలేదు. టీ తాగి, గుండీ పెట్టుకొని పోయాడు.

గన్‌మన్ తన ఫోనులో నంబరు ఎక్కించుకోవడం కనబడింది. అష్రఫ్ ఒక్కొక్క అంకె నిదానంగా చెబుతున్నాడు. తర్వాత జ్యోతమ్మ ఈ వైపు చెయ్యి ఊపింది. ఓబుళేశు సగం లేచాడు. ఆమె పిలిచింది గౌసియాను. ఆ పిల్ల దుపట్టా సర్దుకొని పోయింది. జ్యోతమ్మ ఏదో అడిగింది, గౌసియా తల వంచుకొని జవాబు చెప్పింది. జ్యోతమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి కాసేపు తియ్యలేదు. కుర్చీలో ఉన్న ముసలావిడ కూడా దగ్గరికి పిలిచి అరటిపండు ఇచ్చింది.

ఓబుళేశు సగం లేచినవాడు అట్లాగే మెల్లగా కూర్చున్నాడు. ఎవరైనా చూశారేమోనని పంచె కొస దులుపుకున్నాడు.

కారు కదిలేటప్పుడు జ్యోతమ్మ హోటల్ వైపు తిరిగి చేతులు జోడించింది. అది తనకో, అష్రఫ్‌కో, అందరికో ఓబుళేశుకు తెలియలేదు. ఆమె భుజాల మీద శాలువా లేదు. అది హోటల్లోనే కుర్చీ మీద మడిచి పెట్టి ఉంది. దాన్ని ఇప్పుడు పోయి తెచ్చుకోవాలా వద్దా అని అతను తేల్చుకోలేకపోయాడు. చివరికి గౌసియా పోయి తెచ్చి అతని బ్యాగు పక్కన పెట్టింది.

ఏం మాట్లాడుకున్నారో అష్రఫ్ ఎక్కువ చెప్పలేదు. బస్సు సంగతి విన్నదని, సాయంత్రంలోపు ఫోన్ చేయిస్తానన్నదని మాత్రం చెప్పాడు.

‘నీ నంబరు ఇచ్చినానప్పా,’ అన్నాడు చివర్లో.

‘నాదెందుకు? నీ ఫోను ఏమాయ?’

‘నాది మోగితే నాకు యాడ వినపడ్తాది? పొద్దంతా మోటార్ల సద్దులో చెవులు పోయినాయి,’ అని నవ్వేశాడు.

ఓబుళేశుకు ఆ నవ్వు కూడా నచ్చలేదు. తనను గుమాస్తా కింద పెట్టుకున్నాడు అనుకున్నాడు. ఫోను వస్తే ఎత్తి, ఇదిగో అయ్యగారూ అని అందివ్వడానికి.

బదులు బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు కండక్టరు అష్రఫ్‌ను పిలిచి ముందు సీటు చూపించాడు. మంత్రిగారికి మీరు బంధువులా అని ఒకాయన అడిగితే, అదేం లేదయ్యా, దారిలో కనబడితే రెండు మాటలు చెప్పుకున్నాం అన్నాడు అష్రఫ్. ఆ సమాధానంతో బస్సులోవాళ్లకు అతని మీద మర్యాద ఇంకా పెరిగింది. మైదుకూరు వచ్చేసరికి బస్సులో సగం మంది తమ ఊళ్ల కష్టాలు అతనికి చెబుతున్నారు. ఓబుళేశు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చొని ఎండిన పొలాలను చూస్తున్నాడు. కానీ అతని కళ్లకు కనబడుతున్నది ఆ కుర్చీ ఒక్కటే.

ఇది ఈనాటిది కాదని అతనికే తెలుసు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చింతకాయలు దొంగిలిస్తే దెబ్బలు ఓబుళేశుకే పడేవి. అష్రఫ్ మొహం చూస్తే తోట మనిషికి చెయ్యి లేచేది కాదు. ఓబుళేశు ఇంట్లో పెళ్లి జరిగితే వచ్చిన చుట్టాలు వండిన మనిషిని, పెట్టిన మనిషిని వదిలి, పందిట్లో లైట్లు వెలిగించిన అష్రఫ్‌ను తలుచుకుంటూ పోయారు. అష్రఫ్ దేనికీ ఎగబడడు. అన్నీ వాటంతట అవే అతని దగ్గరికి నడిచి వస్తాయి. ఇన్నాళ్లూ ఓబుళేశు దాన్ని ఓర్చుకున్నాడు. ఎందుకంటే రాజకీయం ఒక్కటి తనది. ఆ ఒక్కటీ తన దగ్గరే ఉంటుందని నమ్మాడు.

ఖాజీపేట దగ్గర భార్య శిల్ప ఫోన్ చేసింది. ఆమె గొంతులో సంతోషం పొంగిపోతోంది. గౌసియా ఇంటికి కబురు చేసిందట. అష్రఫన్న జ్యోతమ్మతో కుర్చీలో కూర్చొని మాట్లాడినాడంట కదా, బస్సు వస్తాదంట కదా, ఊరంతా అదే మాట అంది. తర్వాత, తనకు అందులో తప్పేమీ తోచనట్టు, ఇంకో మాట కూడా చెప్పింది. రచ్చకట్ట దగ్గర కూర్చునే ఈరేశు, ఇట్లాంటి మనిషి సర్పంచి అయితే ఊరు బాగుపడ్తాదని అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు ఔనన్నారట.

‘నువ్వేమంటివి?’ అని అడిగాడు ఓబుళేశు.

‘నేనేమంటా? అష్రఫన్న మంచోడే కదా.’

అతను ఫోను పెట్టేశాడు. ముందు సీట్లో అష్రఫ్ ఎవరిదో పసిబిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని ఆడిస్తున్నాడు. ఓబుళేశుకు ఏడుపు వచ్చినంత పనైంది. అంతలోనే ఏడుపు పోయి కసి పుట్టింది.

కడప చేరేసరికి పొద్దు వాలుతోంది. మదార్ బీ ఇల్లు సందు చివర, మేడ మెట్ల కింద రెండు గదులు. తమ్ముణ్ని చూసి ఆమె చేతిలో పని వదిలేసి వచ్చింది. ఓబుళేశును కూడా, మా ఓబుళేశు కాదా, ఎంత మారిపోయినావు నాయనా అని పలకరించింది. చిన్నప్పుడు ఆమె చేతి సంగటి తిన్న మనిషే అతను. ఆమె ఆప్యాయత కూడా ఆ సాయంత్రం అతనికి లోపలిదాకా దిగలేదు. దారిలో మంత్రి కనబడ్డ కథ గౌసియా అత్తకు చెప్పడం మొదలుపెట్టేసరికి, కాళ్లు కడుక్కొని వస్తానని వాకిట్లోకి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

ఫోను మోగింది. కొత్త నంబరు.

అవతలి మనిషి తన పేరు దేవేంద్రప్ప అని, జ్యోతమ్మ పీఏనని చెప్పి, అష్రఫ్ గారేనా మాట్లాడేది అని అడిగాడు. అష్రఫ్ గారు. ఓబుళేశుకు ఆ ‘గారు’ దగ్గరే ఆగిపోయినట్టయింది. ఇదే దేవేంద్రప్పకు అతను ఎన్నోసార్లు ఫోన్ చేశాడు. ఒక్కసారి కూడా గారు అనిపించుకోలేదు.

లోపల అష్రఫ్ మాట వినబడుతోంది. పిలిస్తే రెండు అడుగుల్లో వస్తాడు.

‘కాదు సార్, నేను ఓబుళేశును, హులికేరి పార్టీ కార్యకర్తను. అష్రఫ్ లేడు,’ అన్నాడు. ‘బస్టాండులో దిగినాడు, ఊరికి పోయినాడు.’

దేవేంద్రప్ప కాస్త నిరాశపడ్డాడు. రేపు సమావేశానికి ముందే గెస్ట్‌హౌస్‌కు వస్తే డిపో అధికారులను కూడా పిలిపించి మాట్లాడదామని అమ్మ అన్నారని, అతన్ని ఎట్లాగైనా పిలిపించగలరా అని అడిగాడు. అక్కడ ఆపి ఉంటే ఓబుళేశు చేసింది చిన్న అబద్ధంగా మిగిలిపోయేది. ఇదిగో లేడనుకున్నాను, ఉన్నాడు అని సర్దుకోవచ్చు. కానీ నోరు ఆగలేదు.

‘సార్, మీకు చెప్పకూడదు గానీ, చెప్పకుంటే పార్టీకి ద్రోహం చేసినట్టు,’ అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ‘ఆ మనిషి మనోడు కాదు. పోయిన ఎన్నికల్లో ఎదుటోళ్ల తరఫున బూత్‌లో ఏజెంటుగా కుచ్చున్నాడు. ఊర్లో ఎవరినైనా అడగండి. అమ్మ మంచితనం చూసి దగ్గర చేరినాడు. రేపు ఆ బస్సు వస్తే, మేమే తెప్పించినామని వాళ్లు చాటింపు వేసుకుంటారు.’

దేవేంద్రప్ప ఒక్క నిమిషం ఉండమన్నాడు.

అష్రఫ్ ఏ పార్టీ బూత్‌లోనూ ఎన్నడూ కూర్చోలేదు. ఆ ఎన్నికల రోజు అతను ఓబుళేశు బోర్లో పడిపోయిన మోటారును బయటికి తీస్తూ పొద్దంతా ఎండలో నిలబడ్డాడు. ఓటు వేయడానికి చివరి గంటలో, మట్టి చేతులతో పోయాడు. అది ఓబుళేశుకు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. నా మాట నమ్మొద్దు సార్ అని చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే తనేమవుతాడు?

ఫోనులో మళ్లీ అలికిడి అయింది. ఈసారి మగగొంతు కాదు.

‘ఓబుళేశన్నా, నేను జ్యోతమ్మను.’

ఆమె నోటి వెంట తన పేరు వినాలని అతను ఎన్నేళ్లుగానో అనుకున్నాడు. విన్నాడు. లేచి నిలబడ్డాడు, ఆమె ఎదురుగా ఉన్నట్టే. హోటల్లో తొందరపడ్డానని, క్షమించమని ఏదో గొణిగాడు.

‘అది వదిలెయ్యన్నా. అష్రఫ్ ఆడ ఏం చెప్పినాడో నీకు తెలుసునా?’

తెలియదన్నాడు.

‘ఈ బస్సు కోసం మా ఓబుళేశు తిరగని ఆఫీసు లేదమ్మా అన్నాడు. ఇందాక మీ దగ్గరికి తొందరపడి వచ్చింది ఆయనే, అది ఊరి ఆత్రం, తప్పుగా అనుకోవద్దండి అన్నాడు. నీ నంబరు ఇస్తాంటే, నీది ఇయ్యప్పా అని నేనే అడిగినా. వద్దమ్మా, ఈ పని ఆయనది, పిలిస్తే ఆయన్నే పిలవండి, ఊర్లో ఆయనకు మాట దక్కాల అన్నాడు. అందుకే నీ వైపు చూసి నవ్వినా. ఇట్లాంటి స్నేహితుడు ఉండేదానికి పెట్టిపుట్టినావు అనుకున్నా.’

ఓబుళేశు మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు.

‘ఆ సంగతి తెలీక అష్రఫ్‌ను అడిగిన దేవేంద్రప్ప ఇప్పుడు వచ్చి ఇంకోటి చెప్తాండాడు,’ అని ఆమె కొనసాగించింది. గొంతు పెరగలేదు, కానీ మెత్తదనం పోయింది. ‘ఏజెంటంటివి, ఎదుటోడంటివి. ఎదుటోడైనా పిల్లలకు బస్సు ఇయ్యకూడదని నేను అనుకోను. కానీ నాతో అబద్ధం చెప్పింది ఎవరో నాకు తెలియాల. ఆ మనిషి నా కళ్లల్లోకి చూసి చెప్పినాడు. నువ్వు ఫోనులో చెప్తాండావు. నిజంగానే అతను ఊరికి పోయినాడా అన్నా?’

చెప్పడానికి అతనికి ఒకే ఒక్క మాట కావాలి. ఔను అంటే ఇంకో అబద్ధం, కాదు అంటే అన్నీ అబద్ధాలే. సందులో పిల్లలు సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

వెనక తలుపు తెరుచుకుంది. గౌసియా గడప మీదికి వచ్చి, సైకిలు బెల్లుల మధ్య వినబడాలని కాస్త గట్టిగానే పిలిచింది.

‘ఓబుళేశు మామా, నాయన అన్నానికి పిలుస్తాండాడు. నీ కోసమే అందరూ కుచ్చోనుండారు.’

ఓబుళేశు ఫోనును చేత్తో మూయబోయాడు. తొందరలో ఎక్కడ నొక్కాడో, స్పీకరు ఆన్ అయింది. వాకిలంతా వినబడేలా వచ్చింది ఆ గొంతు.

‘ఎవరన్నా ఆ పాప? ఆ హోటల్లో నేను తల మీద చెయ్యి పెట్టిన పాపే కదా?’

గౌసియా ఆ గొంతు గుర్తుపట్టింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. చేతి తడిని దుపట్టాకు తుడుచుకుంటూ రెండు మెట్లు దిగి ఓబుళేశు ఎదురుగా వచ్చి, ఫోను కోసం చెయ్యి చాపింది. లోపలి నుంచి అష్రఫ్, ఎవురప్పా ఫోనులో అంటూ లేచి వస్తున్న అడుగుల చప్పుడు వినబడుతోంది.

‘ఆ పాపకే ఇయ్యన్నా,’ అంది జ్యోతమ్మ. ‘నేను అడిగిందానికి ఆ పాప చెప్తాది.’